అరవై దాటాక చేతి పని నేర్చుకోవడం ఎలా? రాత్రి నిద్రతో కలిపి

రిటైరయ్యాక హన్మకొండలో హార్మోనియం మొదలుపెట్టాను. సరళీ స్వరాల దగ్గరే వేళ్లు తడబడేవి. పంతంకొద్దీ రెండు గంటలు ఏకబిగిన వాయించేవాణ్ణి, తెల్లారితే మళ్లీ మొదటికే. కుట్టుమిషనైనా, బతుకమ్మకు కొత్త కోలాటమైనా ఇదే తంతు. దారి మార్చాక కాస్త నయం.

1. పూటకు ఒక్క వరుస, 15–20 నిమిషాలు చాలు. నెమ్మదిగా, తప్పు లేకుండా. తప్పును వందసార్లు వాయిస్తే వేళ్లు ఆ తప్పునే నేర్చుకుంటాయి.

2. సాయంత్రం అదే వరుస మళ్లీ. కొత్తది జోలికి పోవద్దు.

3. ఇక నిద్ర. నేర్చుకున్న కదలిక మెదడులో కుదురుకునేది చాలావరకు అప్పుడే. 2002లో హార్వర్డ్‌లో మాథ్యూ వాకర్ బృందం యువకులకు వేళ్లతో మీటల వరుస నేర్పింది. రాత్రి పడుకుని లేచాక వేగం సుమారు 20 శాతం పెరిగింది. నిద్రలో మెదడు నుంచి సెకనుకు 11–16 సార్లు ఊగే చిన్న తరంగాలు వస్తుంటాయి, ఈ పనిలో వాటికి పాత్ర ఉందంటారు. నూలు చుట్టిన కదురులా మధ్యలో ఉబ్బి చివర్లు సన్నబడతాయి కనుక వాటికి కదురు పేరే పెట్టారు. కొత్తవాడ మగ్గాల మధ్య పెరిగినవాణ్ణి, పోలిక వెంటనే అర్థమైంది.

వయసుతో ఆ కదుర్లూ తగ్గుతాయి, గాఢనిద్రా తగ్గుతుంది. 2007లో బర్క్‌లీలో చేసిన పరిశోధనలో పెద్దవాళ్లకు ఆ రాత్రి లాభం కనిపించలేదు. కాబట్టి మనవరాలికి ఒక్క రాత్రిలో వచ్చింది మనకు రాలేదని టెన్షన్ వద్దు. మనం నేర్చుకోగలం, రోజులు ఎక్కువ పడతాయంతే. ఉన్న నిద్రను మాత్రం పాడుచేసుకోకూడదు.

65 దాటినవాళ్లకు 7–8 గంటలు కావాలి. టీలోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, అందుకే నాలుగింటి తర్వాత టీ మానేశాను (అన్నిటికన్నా కష్టమైంది ఇదే). వరంగల్ ఎండల్లో మధ్యాహ్నం పడుకోకుండా ఉండలేం, కానీ మూడింటిలోపు అరగంట మించనివ్వకండి. గట్టి గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టవడం ఉంటే డాక్టర్‌కు చూపించాలి. మెడికల్ షాపులో సొంతంగా నిద్రమాత్ర అడగొద్దు, రాత్రి లేచినప్పుడు తూలి పడతారు.

4. పొద్దున్నే అదే వరుస ఒక్కసారి. ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసుకోండి. రెండు రోజులు వరుసగా తప్పు రాకపోతేనే తర్వాతిది. నాకు మూడో వరుసకు తొమ్మిది రోజులు పట్టింది.