నారోబోట్ నివాసం – 5వ పాఠం: స్నేహితులు పడవెక్కే రోజు

గత పాఠంలో వేసిన లెక్కలన్నీ ఇద్దరికి. ఈ వారం ఇంకో ఇద్దరు స్నేహితులు వచ్చి రెండు రాత్రులు ఉంటారనుకుందాం. మన నారోబోట్, అంటే ఇంగ్లండ్ సన్న కాలువల్లో తిరిగే ఇరుకైన పడవ, 57 అడుగుల పొడవు, 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు. పడుకోవడానికి చోటు ఎలాగో సర్దుకుంటాం. నీళ్లు, మరుగుదొడ్డి క్యాసెట్ (మలమూత్రాలు చేరే, బయటికి తీయగలిగే డబ్బా), కరెంటు మాత్రం సర్దుకోవు.

ముందురోజు పనులు

ట్యాంకు 400 లీటర్లదైతే లెక్క ఇది. షవర్ నిమిషానికి 5 లీటర్లు. నలుగురూ ఐదేసి నిమిషాలు స్నానం చేస్తే 100 లీటర్లు. వంటకీ గిన్నెలకీ మరో 80. రెండో రోజు రాత్రికి ట్యాంకు అడుగంటుతుంది. అందుకని వాళ్లు రావడానికి ముందురోజు సాయంత్రమే నింపేయండి. గట్టు మీది కుళాయిల్లో కొన్నిటి ధార సన్నం, గంట పైనే పడుతుంది. గొట్టంలో నిలవ ఉన్న నీళ్లు ఒక నిమిషం బయటికి వదిలి, ఆ తర్వాతే ట్యాంకులో పెట్టండి.

క్యాసెట్ పట్టేది 20 లీటర్లు. ఇద్దరికి రెండు మూడు రోజులు వస్తుంది. మనవాళ్లు నీళ్లతో కడుక్కుంటారు కాబట్టి ప్రతిసారీ అర లీటరు నుంచి లీటరు దాకా నీళ్లు అందులోకే పోతాయి. ఈ సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. చెంబు బదులు పావు లీటరు పట్టే మూతి సన్నని సీసా పెట్టండి, ఖాళీ చేసిన రెండో క్యాసెట్ సిద్ధంగా ఉంచండి. నిండినదాన్ని ఎల్సాన్ పాయింట్‌లోనే (క్యాసెట్లు ఖాళీ చేయడానికి కట్టిన చోటు) పారబోయాలి. పొదల్లో, కాలువలో ఎట్టి పరిస్థితుల్లోనూ పోయకూడదు.

సింకు నీళ్లు మాత్రం నేరుగా కాలువలోకే పోతాయి. కూర మూకుడు, పోపు గరిటె ముందు కాగితంతో తుడిచాకే కడగండి.

హెయిర్ డ్రయ్యర్ గురించి మొహమాటపడకుండా ముందే చెప్పండి. 1800 వాట్ల డ్రయ్యర్ ఇన్వర్టర్ ద్వారా 12 వోల్టుల బ్యాటరీ నుంచి 150 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఫోన్ల చార్జింగ్ ఎంత చేసుకున్నా ఫరవాలేదు.

చలికి కొత్తవాళ్లు చేసే మొదటి పని గాలి కంతల్లో తువ్వాలు కుక్కడం. స్టవ్ వెలుగుతున్న పడవలో అది ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అలారం బటన్ నొక్కి, ఆ మోత వాళ్లకు ఒకసారి వినిపించండి.

ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి

57 అడుగుల పడవ ఎక్కడ పడితే అక్కడ వెనక్కి తిరగదు. తిప్పడానికి కాలువను వెడల్పు చేసిన చోటు దాకా పోవాల్సిందే. అందుకే ఒకవైపు ప్రయాణం మేలు. ఆక్స్‌ఫర్డ్ కెనాల్ మీద బాన్‌బరీ, హేఫోర్డ్ స్టేషన్లు రెండూ కాలువ పక్కనే, ఒకే రైలు మార్గంలో ఉన్నాయి. ఒకచోట ఎక్కి ఇంకోచోట దిగవచ్చు. సమయానికి ఒక మోటు లెక్క ఉంది: మైళ్లూ లాకులూ (నీటిమట్టం మారే చోట పడవను ఎక్కించే, దించే తలుపుల గదులు) కూడి మూడుతో భాగించండి. 6 మైళ్లు, 6 లాకులు అయితే నాలుగు గంటలు. కొత్తవాళ్లతో దానికి ఇంకో గంట కలపండి.

లాకు

గోదావరి జిల్లాలవాళ్లకు లాకు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం లాకుల్లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ చాలాచోట్ల సిబ్బంది ఉండరు. తలుపులు మనమే నెట్టాలి, నీళ్లు వదిలే చిన్న తూము తలుపులైన ప్యాడిళ్లు విండ్‌లాస్‌తో (చేతిపిడితో) మనమే తిప్పాలి. ఈ పని అతిథులకు భలే ఇష్టం. కాబట్టి తాడు విప్పకముందే, గట్టు మీద నిలబెట్టి నేర్పండి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది గడప గురించి. పై తలుపుల (ఎగువ వైపువి) కింద ఇంటి గడపలాగే ఒక గట్టి దిమ్మె లాకులోకి పొడుచుకొచ్చి ఉంటుంది. లాకు నిండి ఉన్నప్పుడు అది కనబడదు. దిగేటప్పుడు నీళ్లు తగ్గేకొద్దీ తడితడిగా, నాచుపట్టి బయటపడుతుంది. ఎంతవరకు ఉందో తెలియడానికి గట్టు మీద తెల్లగీత వేసి ఉంటుంది. పడవ అమరం, అంటే వెనక భాగం, చుక్కానితో సహా ఆ గీత దాటి కింది తలుపుల వైపు ఉండాలి. వెనక్కి జరిగి గడప మీద కూర్చుంటే అమరం అక్కడే ఆగిపోతుంది, ముందు భాగం దిగుతూనే ఉంటుంది. ముందు డెక్ మీదుగా నీళ్లు లోపలికొస్తే పడవ నిమిషాల్లో మునుగుతుంది.

మన పడవ ముందూ వెనకా కలిపి లాకులో పదిహేను అడుగుల దాకా ఖాళీ ఉంటుంది. కబుర్లలో పడి గేరు న్యూట్రల్‌లో వదిలేస్తే ఆ ఖాళీలోనే మెల్లగా వెనక్కి జారుతుంది. తక్కువ వేగంలో ముందు గేరులోనే ఉంచండి, కళ్లు గీత మీదే ఉండాలి.

చిక్కుకుంటే చేయాల్సింది ఇదే వరసలో: కింది ప్యాడిళ్లు (దిగువ వైపువి) వెంటనే మూయాలి. తర్వాత పై ప్యాడిళ్లు కొద్దికొద్దిగా తెరిచి లాకు మళ్లీ నింపాలి. పడవ తనంతట తనే తేలుతుంది. ఇంజన్ మోతలో అరుపులు వినబడవు, కనుక ఒక సైగ ముందే అనుకోండి. చుక్కాని పట్టినవాళ్లు రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడితే "మూసెయ్" అని అర్థం. ప్యాడిల్ దగ్గర ఉన్నవాళ్లు నీళ్లకేసి కాక పడవకేసి చూస్తుండాలి.

విండ్‌లాస్‌ను ప్యాడిల్ ఇరుసు మీదే వదిలి పక్కకు పోకూడదు. ప్యాడిల్‌ను పట్టి ఉంచే ఆపుపన్ను జారితే అది గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. దిగేటప్పుడు తాడు ముడివేయకూడదు. నీళ్లతోపాటు పడవ దిగుతుంటే ముడిపడ్డ తాడు దాన్ని వేలాడదీస్తుంది. పడవ గోడకు తగలబోతుంటే కాలో చెయ్యో అడ్డం పెట్టకూడదు. అది పది టన్నులకు పైమాటే.

ఎవరైనా నీళ్లలో పడితే మొదట గేరు న్యూట్రల్‌కి తేవాలి. రక్షించబోయి వెనక్కి నడిపితే ప్రొపెల్లర్ వాళ్ల మీదికే వెళ్తుంది. కాలువలో చాలాచోట్ల నడుము లోతే, నిలబడమని చెప్పండి. లాకులో మాత్రం ఆ ధైర్యం పనికిరాదు, ముందు ప్యాడిళ్లన్నీ మూయించి తాడు విసరండి.

అభ్యాసం

ఈ వారం అతిథులు లేకుండా ఒక లాకు దిగండి. ఒకరు గట్టు మీద, ఒకరు చుక్కాని దగ్గర. సగం నీళ్లు తగ్గాక సైగ చేసి, కింది ప్యాడిళ్లు మూతపడేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. తర్వాత స్థానాలు మార్చుకుని మళ్లీ చేయండి.

వచ్చే పాఠంలో ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న చెత్త తీయడం. ఈలోగా ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లర్‌ను చేత్తో అందుకోవడానికి అమరంలో ఉండే కంత) మూత తీసి దాని రబ్బరు అంచు ఎక్కడైనా చిట్లిందేమో చూసి, తిరిగి గట్టిగా బిగించండి.