ఏడాది మధ్యలో రాష్ట్రం మారితే పన్ను ఎక్కడ కట్టాలి?

తిరుపతిలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని అమెరికాలోని మనవాళ్ల పన్ను పత్రాలు సిద్ధం చేస్తుంటాను. ఏటా ఫిబ్రవరిలో ఇదే ప్రశ్న: "అన్నా, జూలైలో కాలిఫోర్నియా వదిలి టెక్సాస్ వచ్చేశాను. ఇక్కడ జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. ఇక కాలిఫోర్నియాతో పనేముంది?"

పని ఉంది. మకాం మారేదాకా వచ్చిన ఆదాయానికి అక్కడ లెక్క చెప్పాల్సిందే. ఏడాదిలో కొంతకాలమే నివాసులైనవారికి 540 ఎన్‌ఆర్ అనే ఫారం ఉంది.

అసలు చిక్కు మకాం మారిన తేదీతోనే. పోయినసారి ఒక తమ్ముడు జూలై అన్నాడు. అడిగితే భార్యాబిడ్డలు డిసెంబరు దాకా శాన్ హోసేలోనే, పాత ఇంటి అద్దె ఒప్పందం అతని పేరునే, లైసెన్సూ పాతదే. మనిషి ఒక్కడు వెళ్తే మకాం మారినట్టు కాదని నచ్చజెప్పడానికి రెండు రాత్రులు పట్టింది. అద్దె ఒప్పందం, సామాను లారీ రసీదు, బడి మార్పిడి కాగితం, కొత్త లైసెన్సు దయచేసి దాచుకోండి.

తర్వాత డబ్ల్యూ-2లో, అంటే యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్ను కోతల పత్రంలో, రాష్ట్రం, అక్కడి జీతం, కోసిన పన్ను చూపే 15, 16, 17 గళ్లు చూడండి. మారాక కూడా పాత రాష్ట్రానికే పన్ను కోసి ఉంటే రిటర్నులో వెనక్కి అడగాలి. మారాక కాలిఫోర్నియా వెళ్లి పనిచేసిన రోజుల జీతం మాత్రం ఆ రాష్ట్రానిదే.

న్యూయార్క్‌లో మరీ జాగ్రత్త. అక్కడ శాశ్వత వసతి ఉంచుకుని 183 రోజులు దాటితే, మకాం వేరేచోట ఉన్నా నివాసిగానే చూస్తారు. రోజులో కాసేపున్నా సాధారణంగా ఒక రోజే. విమానం టికెట్లు పారేయకండి.