స్టేషన్‌లో ‘ఒప్పుకున్నాడు’ అంటే కేసు అయిపోయినట్టేనా? ఇంట్లోవాళ్లు చేయాల్సిన పనులు

“మావాడు ఒప్పేసుకున్నాడంట సార్, ఇంకేముంది...” కోర్టు వరండాలో చేతిలో టిఫిన్ బాక్సు పట్టుకుని నిలబడిన తల్లుల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. ముందురోజు టీవీలో కొడుక్కి ముసుగేసి నిలబెట్టడం, బల్ల మీద కత్తి, సెల్‌ఫోన్లు పరచడం చూసి వచ్చి ఉంటారు. వాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే. ఆ ప్రెస్ మీట్ సాక్ష్యం కాదు. పోలీసు అధికారికి చెప్పిన నేరాంగీకారాన్ని ముద్దాయి మీద రుజువుగా వాడకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ఈ మాటే చెబుతుంది. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 25, 26, 27 సెక్షన్లుగా ఉన్నవే ఇప్పుడు ఇందులో ఉన్నాయి. గంజాయి కేసుల్లో అధికారులకిచ్చే ఒప్పుకోలు కూడా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

అయితే చట్టంలో ఉంది కదా అని చేతులు కట్టుకుని కూర్చుంటే కుదరదు.

మొదట టైమ్ రాసుకోండి. మనిషిని ఎన్ని గంటలకు, ఎక్కడి నుంచి, ఎవరు తీసుకెళ్లారో ఒక కాగితం మీద రాయండి. వీధిలో కెమెరా ఉంటే ఆ ఫుటేజీ అడిగి తీసుకోండి. ప్రయాణానికి పట్టే సమయం తీసేస్తే, అరెస్టయిన 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. సోమవారం తీసుకెళ్లి గురువారం అరెస్టు చూపిస్తే, మధ్యలో ఏం జరిగిందో అడగడానికి మీ కాగితమే ఆధారం. అరెస్టు మెమో (అరెస్టు వివరాలు రాసే కాగితం) మీద ఇంట్లోవాళ్లో, ఆ ప్రాంతంలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. చేసే ముందు తేదీ, గంట సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి.

వకీలు కోసం రేపటిదాకా ఆగొద్దు. విచారణ జరుగుతున్నంతసేపూ పక్కన కూర్చోనివ్వకపోయినా, మధ్యలో వకీలుని కలిసే హక్కు ముద్దాయికి ఉంది. డబ్బుల్లేకపోతే ఉచిత న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

తెల్ల కాగితం మీద సంతకం వద్దు. “ఊరికే, ఫార్మాలిటీ” అన్నా వద్దు. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద అసలు సంతకమే తీసుకోకూడదు. లోపలున్నవాడికి ఈ ఒక్క మాట చేరవేయమని వకీలుకి గట్టిగా చెప్పండి.

మేజిస్ట్రేట్ ముందు నోరు విప్పాలి. కొట్టారా అని అడిగితే భయంతో “లేదు సార్” అనేస్తారు. అక్కడే చాలా కేసులు దెబ్బతింటాయి. దెబ్బలుంటే చూపించాలి, డాక్టరు పరీక్ష అడగాలి, ఆ రిపోర్టు కాపీ తీసుకోవాలి. స్టేషన్ సీసీ కెమెరా ఫుటేజీని భద్రపరచమని వెంటనే పిటిషన్ వేయించండి.

మేజిస్ట్రేట్ రాసుకునే ఒప్పుకోలు మాత్రం చెల్లుతుంది, కాబట్టి ఇక్కడ చాలా జాగ్రత్త. ‘నువ్వు చెప్పి తీరాలని లేదు, చెబితే నీకు వ్యతిరేకంగా వాడొచ్చు’ అని ఆయన ముందుగా హెచ్చరించాలి. చెప్పనంటే మళ్లీ పోలీసు కస్టడీకి పంపకూడదు. ఈ సంగతి తెలియక, తిరిగి స్టేషన్‌కే పంపుతారన్న భయంతో ఒప్పుకునేవాళ్లున్నారు.

ఇప్పుడు అసలు చిక్కు: ‘రికవరీ’. ముద్దాయి చెప్పిన సమాచారంతో ఏదైనా వస్తువు బయటపడితే, దానికి నేరుగా సంబంధించినంత వరకు ఆ మాట చెల్లుతుంది. ఎంతవరకు అన్నది తేల్చింది మన గుంటూరు జిల్లా కేసే. స్వాతంత్ర్యానికి ముందు మనకు ఆఖరి అప్పీలు కోర్టుగా ఉన్న లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు అది. అందులో ఒక ముద్దాయి చెప్పినదాని సారాంశం: బల్లెంతో పొడిచాను, దాన్ని మా ఊళ్లో దాచాను, చోటు చూపిస్తాను. ‘దాచాను, చూపిస్తాను’ చెల్లుతుంది, ‘పొడిచాను’ చెల్లదు అన్నారు. నేటికీ దేశమంతా కోర్టుల్లో ఈ తీర్పునే చూపిస్తారు.

కాబట్టి కన్ఫెషన్ పంచనామా (ముద్దాయి చెప్పింది సాక్షుల ముందు పోలీసులు రాసుకున్న కాగితం) కాపీ చేతికొచ్చాక పెన్సిలుతో రెండు రకాల గీతలు గీయండి. వస్తువు ఎక్కడుందో చెప్పిన వాక్యాల కింద ఒకటి, నేరం ఎలా చేశాడో చెప్పిన వాక్యాల కింద ఇంకొకటి. రెండో రకం కేసులో నిలవదు. మొదటి రకానికి ప్రశ్నలు వేయండి. ఆ చోటు పోలీసులకు ముందే తెలుసా? నలుగురూ తిరిగే చోటా? పంచులు, అంటే ఆ పంచనామా సాక్షులు, నిజంగా అక్కడికి వెళ్లారా, స్టేషన్‌లోనే సంతకం పెట్టారా?

ఒక్క భ్రమ మాత్రం పెట్టుకోవద్దు. సోదా చట్టప్రకారం జరగలేదని రుజువైనంత మాత్రాన దొరికిన వస్తువు దానంతటదే సాక్ష్యం కాకుండా పోదు. 1973 చివర్లో పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. లోపాలు చూపించి, ఆ సాక్ష్యం నమ్మదగింది కాదని వాదించాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం సోదా, స్వాధీనం రెండూ వీడియో తీయాలి. ఛార్జిషీటు కాపీలు అందిన రోజే ఆ వీడియో అడిగి, ఇంట్లోవాళ్లు వకీలు పక్కన కూర్చుని పూర్తిగా చూడండి. ఆ ఇల్లు, ఆ బీరువా, ఆ దొడ్డి మీకు తెలిసినంతగా వకీలుకి తెలియవు.