లక్క అంచు పళ్ళెం: ముందు రంగు, తర్వాతే చెక్కుడు

నూనె పూత వేసే చెక్క పళ్ళేన్ని ముందు చెక్కి, ఆ తర్వాత నూనె రాస్తారు. లక్క పళ్ళేనికి ఈ వరస పనికిరాదు. చెక్కిన అంచు మీద లక్క పెడితే అది కరిగి గాడిలో దిగి, కోతల పదునంతా పూడుస్తుంది. ముందు లక్క ఎక్కించి, దాన్ని కోసుకుంటూ లోపలికి చెక్కితే ఎర్రటి అంచు మీద తెల్లటి నగిషీ తేలుతుంది. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర తెల్లగా, సన్నటి నారతో ఉంటుంది కాబట్టి ఈ పనికి ఇట్టే ఒదుగుతుంది.

20 సెం.మీ. పళ్ళేనికి అంచు 3 సెం.మీ. వెడల్పు, కనీసం 8 మి.మీ. మందం ఉంచండి. కర్ర బాగా ఆరి ఉండాలి. పచ్చిది తర్వాత ఆరుతూ వంకర తిరుగుతుంది, లక్క పగులుతుంది. ఉప్పుకాగితం 120, 180, 240 నంబర్ల వరసలో వాడి, చివర్లో లేత్ (పళ్ళేన్ని తిప్పే యంత్రం) ఆపి నార వెంట నాలుగు సార్లు రుద్దండి. గుండ్రటి గీతలు మిగిలితే లక్క కింద కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. దుమ్ము దులపండి, నూనె మాత్రం తగలనివ్వకండి. నూనె తగిలిన చోట లక్క పట్టదు.

లక్క కరిగేది రాపిడి వేడికి. నిమిషానికి 1000 చుట్లు తిరిగే పళ్ళెం అంచు దగ్గర వేగం సెకనుకు పది మీటర్లు దాటుతుంది. నడిమికి వచ్చేకొద్దీ అది పడిపోతుంది, అక్కడ లక్క కరగక గడ్డలు కడుతుంది. అందుకే రంగు అంచుకే పెట్టి, నడుమ ఉత్త కర్రగా వదిలేయడం మేలు. లక్క కడ్డీని తిరిగే అంచుకు గట్టిగా ఆనించి పలచటి పొర ఎక్కించండి. వెంటనే మడిచిన మొగలి ఆకుతో నొక్కి పరిస్తే మెరుపు వస్తుంది. పొర మందమైతే చెక్కేటప్పుడు పెచ్చులూడుతుంది.

పళ్ళెం లేత్ మీద నుంచి దించకముందే రెండు పనులు చేయాలి. నడిమి చుక్క గుర్తు పెట్టండి. ఏటవాలు ఉలి మొనతో అంచు రెండు వైపులా సన్నటి హద్దు గీత కోయండి. లక్క ఎగిరినా ఆ గీత దగ్గరే ఆగుతుంది. చాలామంది వదిలేసేది ఈ గీతనే.

పూర్తిగా చల్లారాక, మర్నాడు చెక్కండి. కంపాస్ 8.5 సెం.మీ. తెరిచి, అంచు మధ్యగా తెల్ల పెన్సిల్‌తో వృత్తం గీయండి. అదే కొలతతో కంపాస్‌ను వృత్తం మీద నడిపిస్తే సరిగ్గా ఆరు భాగాలొస్తాయి. సగం చేస్తూ పోతే 12, 24. 24లో ఒక్కో భాగం 22 మి.మీ., నగిషీలో ఒక ఆకుకు సరిపోతుంది. కత్తికీ కర్రకీ మధ్య 65 డిగ్రీలు ఉండేలా వాల్చి రెండు వైపుల నుంచీ 2 మి.మీ. లోతుకు కోస్తే ముక్క తనంతట లేస్తుంది. లేవలేదంటే అడుగున కోతలు కలవలేదన్నమాట. మొనతో పెకిలించకండి, మళ్ళీ కోయండి. పళ్ళెం చుట్టూ నార దిక్కు మారుతూ ఉంటుంది. ప్రతి ఆకు దగ్గరా చూసుకుని, నారకు అడ్డంగా పడే కోత ముందు, నార వెంట పడేది తర్వాత పెట్టండి. అయిదారు ఆకులకోసారి కత్తిని తోలు పట్టీ మీద నూరండి. మొద్దు కత్తి లక్కను కోయదు, నెట్టి పెళ్ళగిస్తుంది.

చెక్కాక ఉప్పుకాగితం జోలికి వెళ్ళొద్దు. పాత టూత్‌బ్రష్‌తో పొడి దులిపి, కోతలకూ నడిమి భాగానికీ అవిసె నూనె పలచగా పట్టించండి. ఇరవై నిమిషాల్లో మిగులు తుడవకపోతే గాడిలో బంకలా నిలుస్తుంది. ఒక్కో పూత ఆరడానికి వారం దాకా పట్టొచ్చు. కొబ్బరి నూనె, వేరుశెనగ నూనె అసలు ఆరవు, కొన్నాళ్ళకు ముక్కవాసన కొడతాయి. తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడేస్తే తనంతట తానే అంటుకోవచ్చు. ఆరుబయట పరిచి ఆరబెట్టాకే పారేయండి.

ఈ పళ్ళెం తాంబూలానికి, పళ్ళకు, పప్పుబెల్లాలకు. వేడి అన్నం పెడితే లక్క మెత్తబడుతుంది. శానిటైజర్ పడితే కరుగుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు.