తవ్వకాల వస్తువులు చదవడం, 3వ పాఠం: రాతి పాత్ర ముక్క

గత పాఠంలో నాణెం మీది బొమ్మనూ అక్షరాలనూ బట్టి అది ఎవరి కాలానిదో తేల్చాం. ఈసారి ఒక్క అక్షరం కూడా లేని వస్తువు: తెల్లటి సుద్దరాతి పాత్ర ముక్క. యెరూషలేము ఇళ్లలో, గలిలయ పల్లెల్లో, క్రీ.శ. మొదటి శతాబ్దపు పొరల్లో ఇవి బాగా దొరుకుతాయి.

మ్యూజియం ఫొటో దొరికితే జూమ్ చేసి ముందు పనిముట్టు గీతలు వెతకండి. లోపలి గోడ మీద సన్నటి గీతలు ఒకదాని కింద ఒకటి చుట్టూ తిరిగి ఉంటే, అది తరిమెన, అంటే లేత్ మీద తిప్పి చేసిన పాత్ర. అలా కాకుండా బయటివైపు పైనుంచి కిందికి పలకలు పలకలుగా ఉలి దెబ్బలు కనిపిస్తే, చేత్తో చెక్కిన చెంబు. దానికి పక్కన చతురస్రపు పిడి ఉంటుంది. ఆ పలకలను నునుపు చేయకుండా అలాగే వదిలేసేవారు. కాబట్టి ముక్క చిన్నదైనా గుర్తు పట్టవచ్చు. ఇలాంటి చెంబులను ఒకప్పుడు కొలపాత్రలు అనుకున్నారు. తీరా కొలిచి చూస్తే వాటి పరిమాణాలు ఏ ప్రామాణిక కొలతకూ కుదరలేదు.

మట్టికుండ చవగ్గా వస్తుంటే రాయి ఎందుకు? బైబిల్లోని లేవీయకాండం 11:33 ప్రకారం అపవిత్రమైన మట్టిపాత్రను పగలగొట్టాల్సిందే. రాతికి ఆ మైల అంటదని యూదు ఆచారం. యోహాను సువార్త 2:6లో కానా పెళ్లింట కనిపించే ఆరు రాతిబానలు ఈ కోవలోవే. అర మీటరుకు పైగా ఎత్తుండే ఆ బానను ఒకే రాతి దిమ్మె నుంచి తీసేవారు. అంత బరువైన రాయిని తరిమెన మీద తిప్పారంటే ఎంత నైపుణ్యం కావాలో ఆలోచించండి! ఆ పనివాళ్ల పేర్లు మనకు మిగల్లేదు గానీ వాళ్లు పారేసిన రాయి మిగిలింది. యెరూషలేముకు ఈశాన్యంగా ఉన్న హిజ్మాలోనూ, గలిలయలో నజరేతు దగ్గరి రెయినాలోనూ వాళ్ల గనులు బయటపడ్డాయి. రెయినాలో గిన్నె లోపలి నుంచి తొలిచి తీసిన స్తంభాకారపు రాతి బిళ్లలు కుప్పలుగా దొరికాయి. నాకైతే పూర్తి పాత్ర కంటే ఈ చెత్తే ఎక్కువ చెబుతుంది. గలిలయలోనే తయారీ జరిగిందని, అన్నీ యెరూషలేము నుంచి తెచ్చుకోలేదని దీనివల్లే తెలిసింది.

ఇక కాలం. ఇవి యూదయను ఏలిన హేరోదు రాజు కాలం (క్రీ.పూ. మొదటి శతాబ్దం చివర) నుంచి విస్తరించాయి. పెద్ద బానలు ఎక్కువగా క్రీ.శ. 70కి, అంటే రోమన్లు యెరూషలేమును నాశనం చేయడానికి ముందువి. చిన్న చెంబులు రోమన్ల మీద యూదులు చేసిన బార్ కోఖ్బా తిరుగుబాటు (132-135) దాకా కనిపిస్తాయి. అందుకే ముక్క ఒక్కటే చూసి తేదీ చెప్పకండి, దాని పక్కన ఏముందో అడగండి. యెరూషలేములో పురావస్తు శాస్త్రవేత్త నహ్మాన్ అవిగాద్ 1970లో తవ్విన "కాలిన ఇల్లు" మంచి ఉదాహరణ. మసి పట్టిన గదుల్లో రాతి పాత్రలు, వాటితో పాటు రోమన్ల మీద జరిగిన మొదటి తిరుగుబాటు (క్రీ.శ. 70కి ముందు) నాటి నాణేలు ఉన్నాయి. "బార్ కత్రోస్" అని చెక్కిన తూకపు రాయి కూడా దొరికింది. కత్రోస్ అనేది యాజక కుటుంబంగా యూదుల ధర్మగ్రంథం తల్మూదు పేర్కొన్న పేరు. నాణేలు కాలాన్ని, తూకపురాయి ఇంటివారిని, మసి ఆ ఇంటి అంతాన్ని చెబుతున్నాయి.

అభ్యాసం: ఒక ముక్కకు బయట నిలువు పలకలు, పక్కన విరిగిన పిడి మొదలు ఉన్నాయి. అదే గదిలో మెట్లు దిగే స్నానపు తొట్టి (యూదులు శుద్ధి కోసం మునిగేది) ఉంది, నాణేలు లేవు. తయారీ పద్ధతి, వాడకం, కాలం, ఈ మూడింటికీ ఒక్కో వాక్యం రాయండి. కాలం దగ్గర ఒకే సంవత్సరం రాస్తే తప్పు, వ్యవధి రాయాలి. వచ్చే పాఠంలో ఎముకల పెట్టెలు.