రేసు పడవకు నైట్రో అవుట్‌బోర్డ్ ఇంజిన్‌ను అమర్చి, సరిచేసుకోవడం ఎలా?

రేడియో కంట్రోల్ రేసు పడవ అనుకున్న వేగం అందుకోకపోతే చాలామంది చెయ్యి ముందుగా కార్బురేటర్ నీడిల్ (ఇంజిన్‌లోకి పోయే ఇంధనాన్ని సరిచేసే మర) మీదికే పోతుంది. పడవ నీటిపై ఎగిరెగిరి పడుతున్నా, మలుపులో జారిపోతున్నా తప్పంతా ఇంజిన్‌దేననుకుని నీడిల్‌ను అటూ ఇటూ తిప్పుతారు. నిజానికి ఇంజిన్‌ను వెనుక బయటి వైపు తగిలించే అవుట్‌బోర్డ్ పడవలో ముందుగా తేలవలసింది, ఇంజిన్ వెనుక పలక మీద ఎంత ఎత్తులో, ఏ వాలులో కూర్చున్నదన్న విషయం. అది కుదిరేదాకా నీడిల్‌ను ఎంత సరిచేసినా ప్రయోజనం ఉండదు. ఒక సీజన్‌లో నేను రోజంతా నీడిల్ తిప్పుతూ గడిపి, సాయంత్రం పడవను ఒడ్డుకు తెచ్చి చూస్తే, బిగింపు బోల్టులు వదులై ఇంజిన్ రెండు మిల్లీమీటర్లు కిందికి జారి ఉంది. అప్పటినుంచి నేను పాటిస్తున్న క్రమాన్నే ఇక్కడ వివరిస్తున్నాను. రెండు పక్కలా స్పాన్సన్లు అనే పొడవాటి తేలే భాగాలు, వాటి మధ్య గాలి పోయే సొరంగం ఉండే టన్నెల్ పడవకు 3.5 సీసీ ఇంజిన్ బిగిస్తున్నామనుకుందాం.

మొదటి దశ: బల్ల మీద పరీక్ష

ఇంజిన్‌ను పడవకు బిగించకముందే ఫ్లైవీల్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పి చూడాలి. ఏబీసీ రకం ఇంజిన్లలో పిస్టన్ అల్యూమినియంతోను, సిలిండర్ తొడుగు లోపల క్రోమియం పూత వేసిన ఇత్తడితోను ఉంటాయి. తొడుగు పైభాగం కొద్దిగా ఇరుకుగా ఉంటుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి వచ్చిన చోట గట్టిగా పట్టుకుంటుంది. ఇది లోపం కాదు. ఇంజిన్ వేడెక్కాక ఇత్తడి ఎక్కువగా వ్యాకోచించి, ఆ సందు సరిగ్గా సరిపోతుంది.

ఆ తరువాత కింది భాగాన్ని చూడాలి. కొన్ని ఇంజిన్లలో శక్తి పళ్ళచక్రాల ద్వారాను, కొన్నింటిలో వంపు తిరిగిన గొట్టంలో తిరిగే తీగ కేబుల్ ద్వారాను ప్రొపెల్లర్‌కు చేరుతుంది. కేబుల్ రకమైతే దాన్ని బయటికి తీసి, పాత గ్రీజును తుడిచి, నీటికి కరగని మెరైన్ గ్రీజును పొడవునా పట్టించాలి. పూర్తి భారం మీద కేబుల్ మెలితిరిగి కొద్దిగా పొట్టిదవుతుంది, అందుచేత దాన్ని రెండు కొసలకూ బిర్రుగా ఇరికించకుండా, తయారీదారు చెప్పిన మేరకు కొంచెం ఆట (కదిలే సందు) ఉంచి అమర్చాలి. ఒక్క పోగు తెగి విచ్చుకున్నట్టు కనిపించినా కొత్త కేబుల్ వేయడమే మంచిది.

రెండవ దశ: ఎత్తు

నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైన దశ ఇదే కనుక ఇక్కడ తొందర పనికిరాదు. వంకర లేని గాజు పలక మీద పడవను స్పాన్సన్ల అడుగు ఆనేలా ఉంచి, వెనుక భాగాన్ని బల్ల అంచు దాటించి, ప్రొపెల్లర్ ఇరుసు మధ్య భాగం పలక ఉపరితలానికి ఎంత పైన లేదా ఎంత కింద ఉందో వెర్నియర్‌తో కొలవాలి. ఈ పడవలు పూర్తి వేగంలో ఉన్నప్పుడు ప్రొపెల్లర్ మొత్తం నీటిలో మునిగి ఉండదు. సుమారు సగం నీటిలోను, సగం గాలిలోను తిరుగుతుంది. ఇరుసును లోతుగా దించిన కొద్దీ పట్టు పెరుగుతుంది కాని, కింది భాగం నీటిని చీల్చుకుపోవలసి రావడంతో వేగం తగ్గుతుంది. మరీ పైకి ఎత్తితే బయలుదేరేటప్పుడు ప్రొపెల్లర్ నురగలోనే తిరుగుతుంది, మలుపులో పట్టు వదిలేస్తుంది.

కాబట్టి ఇరుసును స్పాన్సన్ అడుగు మట్టానికి దగ్గరగా ఉంచి మొదలుపెట్టి, ఆ ఎత్తు దగ్గర వెనుక పలక మీద సన్నని పెన్సిల్ గీత గీసుకోవాలి. అక్కడినుంచి ఒక్కోసారి ఒక్క మిల్లీమీటరు చొప్పున పైకి జరుపుతూ, ప్రతిసారీ నాలుగైదు చుట్లు నడిపి చూడాలి. మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇంజిన్ శబ్దం ఒక్కసారిగా కీచుమని పైకి లేచి, పడవ మాత్రం ముందుకు సాగలేదంటే హద్దు దాటారన్నమాట. అప్పుడు ఒక మిల్లీమీటరు వెనక్కి దించాలి. అది చాలు.

మూడవ దశ: వాలు, సమతూకం

మొదట ప్రొపెల్లర్ ఇరుసు స్పాన్సన్ల అడుగుకు సమాంతరంగా ఉండేలా అమర్చాలి. ఇంజిన్ కింది కొసను పడవ వెనుక పలక నుంచి వెనక్కి వాలిస్తే పడవ ముక్కు లేస్తుంది, పలక వైపు లోపలికి తెస్తే దిగుతుంది. ముక్కు కొద్దిగా లేవడం వల్ల నీటి ఒరిపిడి తగ్గుతుంది; ఎక్కువ లేస్తే మాత్రం సొరంగంలోకి దూరిన గాలి పడవను అమాంతం ఎత్తి వెనక్కి తిరగేస్తుంది. పడవ నేరుగా పోతూ ముక్కుతో నీటిని కొట్టుకుంటూ ఊగుతుంటే, వాలు ఎక్కువైందనో, బరువు మరీ వెనుకగా ఉందనో అర్థం. ముందుగా వాలు తగ్గించి చూసి, అప్పటికీ ఊగుతుంటే బ్యాటరీని ముందుకు జరపాలి. రెండింటినీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఫలితం వచ్చిందో తెలియదు.

వెనుకనుంచి చూసినప్పుడు ప్రొపెల్లర్ కుడివైపు తిరిగేదైతే, దాని ప్రతిచర్య వల్ల పడవ ఎడమకు ఒరగాలని చూస్తుంది. అందుకే బరువులు సర్దేటప్పుడు కుడి పక్కన కొద్దిగా ఎక్కువ ఉంచడం మేలు. అవుట్‌బోర్డ్ పడవలో చుక్కాని వేరుగా ఉండదు, ఇంజిన్ మొత్తం తిరుగుతుంది. కాబట్టి స్టీరింగ్ సర్వో (ఇంజిన్‌ను పక్కలకు తిప్పే చిన్న మోటారు) బలమైనదై ఉండాలి, దాని కడ్డీలలో ఏమాత్రం ఆట ఉండకూడదు.

నాలుగవ దశ: ప్రొపెల్లర్

ప్రొపెల్లర్ పేరులోనే దాని కొలత ఉంటుంది. ఆక్టురా ఎక్స్438 అంటే వ్యాసం 38 మిల్లీమీటర్లు, పిచ్ దానికి 1.4 రెట్లు, అంటే సుమారు 53 మిల్లీమీటర్లు. ఒక్క చుట్టుకు అంత దూరం పోవాలి కనుక, నిమిషానికి 20,000 చుట్ల దగ్గర లెక్క ప్రకారం గంటకు 64 కిలోమీటర్లు వస్తుంది. నీటిలో జారుడు ఉంటుంది కాబట్టి అసలు వేగం దీనికన్నా తక్కువే. ఇంజిన్ బరువుగా మూలుగుతుంటే చిన్న ప్రొపెల్లర్ వేయాలి.

రేసు ప్రొపెల్లర్లను బెరీలియం రాగితో పోతపోస్తారు. అంచులు పదును పెట్టేటప్పుడు రేగే పొడి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. కనుక ఎప్పుడూ నీటిలో తడిపిన ఎమరీ కాగితంతోనే, మాస్క్ వేసుకుని రుద్దాలి. పదును పెట్టాక రెండు రెక్కలూ సమంగా తూగుతున్నాయో లేదో చూడటం తప్పనిసరి. ఎందుకంటే ఈ వేగాలలో చిన్న తేడా కూడా బేరింగులను తినేస్తుంది.

ఐదవ దశ: ఇంధనం, ట్యాంకు

నైట్రో ఇంధనంలో మిథనాల్, నైట్రోమీథేన్, నూనె ఉంటాయి. ఒక కిలో మిథనాల్ మండటానికి సుమారు 6.5 కిలోల గాలి కావాలి, నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలు చాలు. అందువల్ల నైట్రో శాతం పెంచినప్పుడల్లా నీడిల్‌ను మరికొంత తెరవాలి, ఇంజిన్ తల కింద పలుచని రేకులు వేసి కంప్రెషన్‌ను కొద్దిగా తగ్గించాలి. మొదటిసారి చేసేవారు ఇంజిన్ పుస్తకంలో సూచించిన శాతానికే కట్టుబడి ఉండటం మంచిది.

ట్యాంకు మధ్య భాగం కార్బురేటర్ నీడిల్ ఎత్తుకు సమంగా గాని, కొద్దిగా కిందగా గాని ఉండాలి. ఎగ్జాస్ట్ నుంచి ట్యాంకుకు వచ్చే ప్రెషర్ గొట్టంలో చిన్న చిల్లు ఉన్నా, పడవ సగం చుట్టులోనే ఆగిపోతుంది. గొట్టాలను నీటిలో ముంచి, ఊది, బుడగలు వస్తాయేమో చూడాలి.

మిథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కంటికి కనిపించదు. అది చర్మం ద్వారా కూడా ఒంట్లోకి చేరే విషం. చేతితొడుగులు వేసుకుని, మంటలార్పే సాధనం అందుబాటులో పెట్టుకుని మాత్రమే ఇంధనం నింపాలి.

ఆరవ దశ: స్టార్ట్ చేయడం, నీడిల్

ఈ ఇంజిన్లకు సాధారణంగా క్లచ్ ఉండదు, స్టార్ట్ అయిన క్షణమే ప్రొపెల్లర్ తిరుగుతుంది. పడవను గట్టి స్టాండుపై ఉంచి, మరొకరు పట్టుకుని ఉండగా మాత్రమే బెల్టు స్టార్టర్‌ను ఫ్లైవీల్‌కు తగిలించాలి. అంతకన్నా ముందు ట్రాన్స్‌మిటర్‌ను ఆపివేసి చూసినప్పుడు, థ్రాటిల్ పూర్తిగా మూసుకుని ఇంజిన్ ఆగేలా ఫెయిల్‌సేఫ్ అమరిందో లేదో పరీక్షించుకోవాలి. ఇంజిన్ తలను చల్లబరిచేది పడవ కింది నుంచి వచ్చే నీరే కాబట్టి, ఒడ్డున కొన్ని సెకన్లకు మించి నడపకూడదు.

కొత్త ఇంజిన్‌ను మొదటి కొన్ని ట్యాంకులు, దండిగా పొగ వచ్చేంత చిక్కని మిశ్రమంతో (గాలి తక్కువ, ఇంధనం ఎక్కువ), వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. ఆ తరువాతనే హైస్పీడ్ నీడిల్‌ను (పూర్తి వేగంలో ఇంధనాన్ని సరిచేసేది) ఒక్కోసారి ఎనిమిదో వంతు చుట్టు చొప్పున బిగిస్తూ రావాలి. ఒడ్డున బాగా పలికిన ఇంజిన్, నీటి మీద పడవ లేచి భారం తగ్గాక మరింత వేగంగా తిరిగి, మిశ్రమం పలుచబడిపోతుంది. కాబట్టి ఒడ్డున ఎప్పుడూ కొంచెం చిక్కగానే ఉంచాలి. పడవ తిరిగి వచ్చాక, మిశ్రమాన్ని అంటించే తీగ చుట్ట ఉండే గ్లో ప్లగ్‌ను విప్పి, భూతద్దంతో చూడండి. తీగ మెరుస్తూ, చుట్టలు ఉన్నవి ఉన్నట్టే ఉంటే మిశ్రమం బాగుంది. బూడిద రంగుకు మారి, చుట్టలు నలిగి పక్కకు ఒరిగి ఉంటే, మిశ్రమం పలుచబడిందనో కంప్రెషన్ ఎక్కువైందనో అర్థం. ముందు నీడిల్‌ను తెరవాలి.

ట్యూన్డ్ పైపు (పొడవును ఇంజిన్ వేగానికి సరిపెట్టుకునే ఎగ్జాస్ట్ గొట్టం) పొడవును చిట్టచివరకు ముట్టుకోవాలి. గ్లో ప్లగ్ నుంచి పైపులో అన్నిటికన్నా లావైన చోటు దాకా ఆ పొడవును కొలుస్తారు. పొట్టి చేస్తే శక్తి పై వేగాలకు జరుగుతుంది, పొడవు చేస్తే మలుపు నుంచి లాగే బలం పెరుగుతుంది. మూడు మిల్లీమీటర్లకు మించి ఒకేసారి మార్చవద్దు.

నడపడం ముగిశాక ఇంధన గొట్టాన్ని నొక్కిపట్టి, లోపల మిగిలిన ఇంధనమంతా కాలిపోనివ్వాలి. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నైట్రో కాలగా మిగిలినదానికి ఆమ్లగుణం ఉంటుంది. ఈ రెండూ కలిస్తే బేరింగులు ఒక్క వారంలోనే తుప్పు పట్టవచ్చు. కార్బురేటర్‌లోను, ప్లగ్ రంధ్రంలోను కొన్ని చుక్కల ఆఫ్టర్‌రన్ నూనె (నడిపాక తుప్పు పట్టకుండా వేసేది) వేసి, ఫ్లైవీల్‌ను పదిసార్లు తిప్పి, కేబుల్‌ను బయటికి తీసి ఆరబెట్టి, ఆనాటి ఎత్తు, వాలు, ప్రొపెల్లర్ కొలత, నీడిల్ చుట్ల సంఖ్యను నోటు పుస్తకంలో రాసుకున్నాకే పెట్టె మూయాలి.