అక్టోబర్, నవంబర్ వాతావరణ సూచనను చేనుకు, చెరువుకు, ఎగరడానికి చదువుకోవడం ఎలా?

వరంగల్ చుట్టుపక్కల పత్తి పగిలి, వరి కోతకొచ్చి, చెరువులు మత్తడి అంచున ఉండే నెలలివి. ఇప్పుడొచ్చే వాన చేతికందిన పంట మీదే పడుతుంది. ‘రేపు జిల్లాలో వాన’ అన్న ఒక్క మాటకు పత్తి ఏరేవారు, పాకాల చెరువులో వల వేసేవారు, మందు డ్రోన్ ఎగరేసేవారు వేర్వేరుగా సిద్ధపడాలి.

మొదట, ఏ సూచన ఏ పనికో తేల్చుకోండి

భారత వాతావరణ శాఖ ప్రతి గురువారం ఇచ్చే నాలుగు వారాల సూచనతో కోత తేదీ ఖరారు చేయకండి. వారం మొత్తం మీద వాన మామూలు కంటే ఎక్కువా తక్కువా అన్నంత వరకే అది చెబుతుంది. కూలీలను, హార్వెస్టర్‌ను మాట్లాడుకోవడానికి హైదరాబాద్ వాతావరణ కేంద్రం ఇచ్చే జిల్లాల వారీ సూచన చూడాలి. అందులోనూ మొదటి మూడు రోజులనే గట్టిగా నమ్మండి, తర్వాతి రోజులను ప్రతి ఉదయం మళ్లీ చూసుకోండి. ఇక పడవ ఎక్కేముందు, డ్రోన్ లేపేముందు చూడాల్సింది మూడు గంటల తక్షణ హెచ్చరిక. పంట సలహాలకు మేఘదూత్, పిడుగులకు దామిని యాప్‌లు ఫోన్‌లో ఉంచుకోండి.

మాటలను అంకెల్లోకి మార్చుకోండి

భారీ వర్షం అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. అతి భారీ అంటే 204.4 వరకు, ఆపైన అత్యంత భారీ. ఒక మిల్లీమీటరు వాన ఎకరానికి సుమారు 4,047 లీటర్లు. అంటే ‘భారీ’ మొదలయ్యే చోటే ఎకరం మీద 2.6 లక్షల లీటర్లు పడుతుంది. నల్లరేగడిలో అంత నీరు త్వరగా ఇంకదు.

‘అక్కడక్కడా’ అన్న మాటను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. జిల్లాలో పావు వంతు చోట్ల మించి పడదని దాని అర్థం. పడిన చోట ఎంత పడుతుందో ఆ మాట చెప్పదు. ‘అక్కడక్కడా భారీ వర్షం’ మీ ఊళ్లోనే కురవొచ్చు. వానను ఉదయం 8:30 నుంచి మరునాడు ఉదయం 8:30 వరకు లెక్కిస్తారన్నదీ గుర్తుంచుకోవాలి. రాత్రి పడిన వాన తెల్లారి తేదీతో కనిపించేది అందుకే.

బంగాళాఖాతం వైపు చూడండి

నైరుతి రుతుపవనం మామూలుగా అక్టోబర్ మధ్యకల్లా తెలంగాణ నుంచి వెనుదిరుగుతుంది. పడమటి గాలి తగ్గి, తూర్పు, ఈశాన్య గాలి మొదలవుతుంది. ఆ తర్వాత మనకు పెద్ద వాన వచ్చేది ఎక్కువగా సముద్రంలో పుట్టిన అల్పపీడనం వల్లే. అది ఎక్కడ తీరం దాటుతుందన్నదే అసలు ప్రశ్న. మచిలీపట్నం, కాకినాడ మధ్య దాటి వాయవ్యంగా కదిలితే ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్ దాని దారిలో పడతాయి. ఒడిశా వైపు పోతే మనకు తక్కువ. దక్షిణ తమిళనాడు వైపు పోతే చాలాసార్లు మబ్బు, ముసురుతో సరి.

తీరం దాటాక తుపాను ‘బలహీనపడింది’ అని వినగానే పరదాలు తీసేయకండి. బలహీనపడేది గాలి, వాన కాదు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను ఆంధ్రలో తీరం దాటింది. వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగింది మరునాటి వానకు.

చేను

పత్తిని మంచు ఆరాక, ఉదయం 9, 10 తర్వాతే ఏరండి. భారత పత్తి సంస్థ (సీసీఐ) పూర్తి మద్దతు ధర ఇచ్చేది 8 శాతం తేమ వరకే. ఆపైన ధర తగ్గిస్తారు, 12 దాటితే కొనరు. రెండు మూడు రోజుల్లో వాన ఉందంటే పగిలిన పత్తినంతా ముందే ఏరించడం మేలు. తడిసిన పత్తి రంగు మారుతుంది, కాయ కుళ్లుతుంది, ముసురు పట్టి వదలకపోతే గింజ మొలకెత్తుతుంది.

మద్దతు ధరకు అమ్మే వరి ధాన్యానికి 17 శాతం తేమ హద్దు. కల్లంలో చాలామంది పైన కప్పితే చాలనుకుంటారు. నీరు వచ్చేది కింది నుంచి. కుప్పను ఎత్తయిన చోట పోసి, చుట్టూ జానెడు లోతు కాలువ తీసి, నీరు పోవడానికి ఒకవైపు దారి వదలండి. వాన ఆగి ఎండ రాగానే పరదా తీసి ధాన్యం తిరగేయాలి, లేకపోతే లోపల ఉక్కపట్టి గింజ రంగు మారుతుంది.

చెరువు

మన చెరువులు చాలావరకు గొలుసుకట్టువి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. అందుకే మీ ఊళ్లో ఆకాశం తేటబడ్డాక కూడా నీటిమట్టం పెరుగుతుంది. మీ మండలం వాన కాదు, ఎగువ మండలాల వాన చూడండి, రాష్ట్ర ప్రణాళికా సంస్థ టీజీడీపీఎస్ ఆ లెక్కలు మండలాల వారీగా ఇస్తుంది. కట్ట వెనకవైపు బురద నీరు ఊరుతుంటే బుంగ పడుతోందని అర్థం. వెంటనే నీటిపారుదల సిబ్బందికి చెప్పాలి. తేట నీటి ఊట కంటే మట్టి కలిసిన ఊట ప్రమాదం, కట్ట లోపల కోసుకుపోతోందనడానికి అదే గుర్తు.

పాకాల, లక్నవరం వంటి పెద్ద చెరువుల్లో ఈశాన్య గాలి వీస్తే అలలు నైరుతి ఒడ్డున పెద్దవవుతాయి. బయల్దేరిన ఒడ్డు ప్రశాంతంగా ఉందని మోసపోవద్దు. నీటి మీద తెల్లనురగలు విరివిగా కనిపిస్తే గాలి గంటకు 20 కిలోమీటర్లు దాటినట్టే, తెప్ప ఒడ్డుకు తెచ్చేయండి. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్లకు మించి లేకపోతే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది. నీళ్లలోంచి బయటికొచ్చి, చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగాలి.

ఎగరడానికి

మందు కొట్టే డ్రోన్‌కు ఆకులు, సన్నరెమ్మలు ఆగకుండా కదిలే గాలి హద్దు. అది గంటకు 12 కిలోమీటర్ల పైమాట, తుంపర పక్క చేను మీద పడుతుంది. అలాగని బొత్తిగా గాలిలేని తెల్లవారుజామూ మంచిది కాదు. నేల దగ్గర చల్లగాలి మూతలా పట్టి తుంపరను గాల్లోనే ఆపుతుంది, ఆకు మీది మంచు మందును పలచన చేస్తుంది. ఎండ పడి మంచు ఆరాక, గాలి లేవకముందే పని ముగించండి.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025లో కేంద్రం అనుమతి వచ్చినా, విమానానికి ఇప్పటికీ శంషాబాద్ వెళ్లాలి. నవంబర్ తెల్లవారుజామున బయల్దేరేవారు శంషాబాద్ మెటార్ నివేదిక (విమానాశ్రయంలో అప్పటి వాతావరణాన్ని సంకేతాల్లో చెప్పేది) చూడటం నేర్చుకుంటే మేలు. ‘0030జడ్’ అంటే అంతర్జాతీయ సమయం, 5:30 గంటలు కలిపితే మనకు ఉదయం 6. ‘06003కేటీ’ అంటే 60 డిగ్రీల దిక్కు నుంచి 3 నాట్లు, గంటకు ఐదున్నర కిలోమీటర్లు. తర్వాతి ‘1500’ చూపు అందే మీటర్లు. 1,000 కంటే తగ్గితే పొగమంచు. ‘19/18’ లాంటి జంటలో మొదటిది ఉష్ణోగ్రత, రెండోది మంచు బిందువు, అంటే గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత. ముందురోజు రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి నిలిచి, ఆ రెండింటి తేడా రెండు డిగ్రీల లోపుకు దిగితే తెల్లారేసరికి పొగమంచు కమ్మే అవకాశం ఎక్కువ. అదే మంచు హైదరాబాద్ రోడ్డు మీదా ఉంటుంది కాబట్టి ఇంటి నుంచి గంట ముందే కదలండి.